రసీదు మీద పేరు

అరుణోదయ కాలనీ,
ఎల్.బి. నగర్ దగ్గర, హైదరాబాదు
14 జూన్ 1987

అక్కయ్యకు,

నీ మనియార్డరు అందింది. కూపన్ మీద "నా ఇంటి పన్నుకి. వాదించకు. కట్టి రసీదు పంపు" అని రాశావు. అంత చిన్న కాగితం మీద నువ్వు అంతకన్నా రాయలేవు. నేను కవరు కొనుక్కుని వాదిస్తున్నాను.

మొన్నటిదాకా మాది పంచాయతీ. ఇప్పుడు మున్సిపాలిటీ అయ్యాం. ఏం మారిందంటే, బోర్డు మారింది, పన్ను పెరిగింది. అచ్చేసిన డిమాండ్ నోటీసు వచ్చింది. అందులో ఒక పన్ను కాదు, సాధారణ పన్ను, నీటి పన్ను, దీపాల పన్ను, మురుగు పన్ను, చెత్త పన్ను అని వరసగా గళ్ళు. ఆ నోటీసు చేత్తో పట్టుకుని మన వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. నీళ్ళంటే వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు, అది కూడా ప్రైవేటువాడిది, డ్రమ్ముకింత అని మనమే ఇచ్చుకుంటాం. దీపాలకి స్తంభాలే లేవు. చెత్త ఐలమ్మ గేదెలు తిన్నంత తింటాయి, మిగిలింది గాలికి పోతుంది. ఇక మురుగుకి ఇంటింటికీ ఒక గొయ్యి, ఆ గోతికి ముప్ఫై అడుగుల్లో బోరింగు. రెండొందల గజాల స్థలంలో అంతకన్నా ఎడం ఎక్కడ దొరుకుతుంది? ఎండాకాలం ఫర్వాలేదు. వాన పడితే గోతిలోది బోరింగులోకి దిగుతుంది. ఈ సంగతి పోయిన ఆగస్టు దాకా నాకు తెలియదు. నీ మరదలికీ తెలియదు. డాక్టరు చెప్పేటప్పటికి నాగేశ్వరి కళ్ళు పచ్చబడి తొమ్మిది రోజులైంది.

పది నెలలైంది. కాలేజీకి వెళుతున్నాను, ఎకనామిక్స్ పాఠం చెబుతున్నాను, దిల్‌సుఖ్‌నగర్ మెస్సులో తిని బస్సెక్కి వస్తున్నాను. ఏమీ అనిపించదు. కోపమొకటి మిగిలింది. అది కూడా ఒంట్లో లేదు, కాగితం మీదే ఉంది.

మా ఇంటి నోటీసు ఆమె పేరునే వచ్చింది. ఇల్లు ఆమె పేరున ఉంది కదా. మడిచి పుస్తకంలో పెట్టాను.

నిన్న కాలనీ సంఘం మీటింగులో "మోరీ లేదు, పన్ను లేదు" అని తీర్మానం చేయించాను. మోరీ అంటే ఇక్కడి మాటలో మురుగుకాలవ. సరుకు ఇచ్చి తీసుకునేదాన్ని ధర అంటారు, సరుకు ఇవ్వకుండా తీసుకునేదాన్ని కప్పం అంటారు అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. నీ ఇంటి వెనక గదిలో కాపలా ఉంటున్న ఐలమ్మ పాలక్యాను పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మోరీ లేకుంటె పన్ను ఎందుకు గట్టాలె అంటున్నవు సారూ. మరి గట్టకుంటె మోరీ ఎట్లొస్తది?" అంది. అందరూ నవ్వారు. నేను అరగంట సమాధానం చెప్పాను. ఆమె సగంలోనే వెళ్ళిపోయింది, పాలు విరిగిపోతాయని.

నీ డబ్బు సంగతి చూస్తాను.

గంగాధరం


తణుకు
2 జూలై 1987

గంగాధరం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్కగా, రెండోసారి ఎర్రపెన్సిలు పట్టుకుని. భాషకి మార్కులు వేశాను. "చూస్తాను" అన్న చివరి మాట కింద గీత గీశాను.

నువ్వు చెప్పింది తప్పని నేననడం లేదు. వాళ్ళు ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ పొంతన లేదు, ఒప్పుకున్నాను. అయితే మా బడిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒకటి చూస్తున్నాను. ఫీజు కట్టని పిల్ల తండ్రి వచ్చి కప్పు కారుతోందని కేకలేస్తే, ముందు బాకీ సంగతి చెప్పమంటారు. కట్టినవాడు వచ్చి కేకలేస్తే కుర్చీ వేస్తారు. కప్పు ఇద్దరికీ కారుతూనే ఉంటుందనుకో. కానీ కుర్చీ ఉంటుంది.

అదలా ఉంచు. నేను మోరీ కోసం పన్ను కట్టమనలేదు. రసీదు కోసం కట్టమన్నాను. ఆ స్థలం కొన్నదెలాగో నీకు గుర్తుండాలి. రిజిస్ట్రేషన్లు ఆపేశారన్నారు. ఓ అగ్రిమెంటు కాగితం, పట్టాదారు ఎవరికో రాసిచ్చిన పవరాఫ్ అటార్నీ నకలు, ఇంతే నా చేతిలో ఉన్నది. అదే ప్లాటు ఇద్దరికి ముగ్గురికి అమ్మిన కథలు నువ్వే రాశావు. ఆ ఇల్లు నాదని సర్కారు తన చేత్తో రాసిచ్చే కాగితం పన్ను రసీదొక్కటే. నువ్వు దాన్ని కప్పం అను, దక్షిణ అను, నా పేరుతో నాకది కావాలి.

వచ్చే ఏడాది డిసెంబరుకి రిటైరవుతాను. పెళ్ళీ పిల్లలూ లేనిదాన్ని. ఇక్కడున్నది అద్దె వాటా. ఆ రెండు గదులూ, వెనక గదీ తప్ప నాకు ఇంకెక్కడా చోటు లేదు. దయచేసి నా ఇంటిని నీ కరపత్రంలో పేరాగా వాడుకోకు.

వేళకి తింటున్నావా? మెస్సు అని రాశావు, ఏం తిన్నావో రాయలేదు.

వేదవతి


అరుణోదయ కాలనీ
22 నవంబరు 1987

అక్కయ్యకు,

అయిదు నెలలు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు. పెన్ను తీస్తే కరపత్రమే వస్తోంది, ఉత్తరం రావడం లేదు.

జూన్‌లో సంతకాలు పెట్టిన ఇళ్ళు అరవై రెండు. ఇప్పుడు ఎన్ని నిలబడ్డాయో నాకే తెలియదు. ఎవరూ కట్టామని చెప్పరు, కట్టలేదనీ చెప్పరు. మన సంఘం అధ్యక్షుడు బాపిరాజుగారింటికి పోయిన ఆదివారం వెళ్ళాను. భీమవరం నుంచి వచ్చి సిమెంటు కొట్టు పెట్టుకున్నాడు చూడు, ఆయనే. గోడమీద క్యాలెండరు గాలికి లేచింది. వెనకాల మేకుకి గులాబీరంగు కాగితం. పన్ను రసీదు.

"ఏమండీ ఇది?" అన్నాను.

"త్రీఫేజు మీటరుకి అప్లికేషను పెట్టానండీ. రసీదు జతచెయ్యమన్నారు. మీరు మరోలా అనుకోకండి, ఉద్యమానికి నా మద్దతు నూటికి నూరుపాళ్ళూ ఉంటుంది."

"రసీదు వెనకనుంచా?"

"క్యాలెండరు వెనకనుంచండీ," అని నవ్వాడు. కాఫీ ఇచ్చాడు. తాగాను. నాగేశ్వరి ఉంటే ఆ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఎవరేమిచ్చినా తాగుతున్నాను.

ఒకరు మీటరుకి కట్టారట, ఒకరు రేషను కార్డుకి, ఒకరు బ్యాంకు అప్పుకి. అరవై రెండు ఇళ్ళలో నీళ్ళకోసం గానీ దీపాలకోసం గానీ కట్టినవాడు ఒక్కడు లేడు. అంటే పన్నుకి బదులుగా మున్సిపాలిటీ అమ్మే ఏకైక సరుకు ఆ కాగితమే. ఇది నీ వాదనే అని నాకు తెలుసు. నేను ఒప్పుకోవడం లేదు, రాస్తున్నానంతే.

మోరీ కోసం అర్జీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. బోరింగు నీళ్ళ పరీక్ష కాగితం, డాక్టరు రాసిచ్చింది, అన్నీ గుచ్చాను. గుమాస్తా తిరగేసి, "రసీదేది సార్? రసీదు లేకుంటె అర్జీకి నంబరు వెయ్యం" అన్నాడు. నంబరు లేని కాగితాన్ని వాళ్ళు చదవరట. మనిషి పోయిన సంగతి మూడో పేరాలో ఉంది. అంతదాకా రాలేదు.

నీ రసీదా, పంచాయతీ రికార్డు తీసేసి కొత్త రిజిస్టరు తయారవుతోందట. ఆఫీసు రద్దీగా ఉంది. ఆలస్యమవుతుంది.

గంగాధరం


తణుకు
19 జనవరి 1988

గంగాధరం,

నీ ఉత్తరంలో నీకు కోపం వచ్చిన చోటు ఒక్కటి కూడా కనిపించలేదు. మాటలన్నీ కోపంగానే ఉన్నాయి. బాపిరాజుగారి కాఫీ తాగానని రాశావే, అక్కడ నాకు భయమేసింది.

నువ్వు ఎనిమిదో క్లాసులో ఎన్.సి.సి. బూట్ల డబ్బు లైబ్రరీకి ఇచ్చేసి నెలరోజులు కుంటుతూ తిరిగావు, బూట్లు కరుస్తున్నాయని చెప్పి. బూట్లే లేవని నాన్నకి తెలుసు. అడగలేదు. నేనూ నాన్న పోలికే.

అయినా ఈసారి అడుగుతున్నాను. నా ఇంటి పన్ను కట్టావా, లేదా? కార్డు ముక్క చాలు.

ఐలమ్మ గేదె ఈనిందట కదా, ఆడదూడట. ముర్రుపాలు పంపిందా నీకు? జున్ను వండుకోవడం చేతకాకపోతే ఆమెనే వండమను.

వేదవతి


అరుణోదయ కాలనీ
6 మార్చి 1988

అక్కయ్యకు,

కట్టాను. రసీదు ఎక్కడో పెట్టాను. వెతికి పంపుతాను.

ముర్రుపాలు తెచ్చింది. జున్ను ఆమే వండింది. తిన్నాను.

దూడ సంగతి నీకెలా తెలిసింది?

గంగాధరం


తణుకు
17 ఆగస్టు 1988

గంగాధరం,

నిన్నటికి రెండేళ్ళు. ఇక్కడ గుడిలో ఏమీ చేయించలేదు, నీకు ఇష్టముండదని. నాగేశ్వరికిష్టమని దోసావకాయ పెట్టి నలుగురికి పంచాను.

నీ చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, అబద్ధం చెప్పేటప్పుడు నీ వాక్యాలు చిన్నవైపోతాయి. మార్చి ఉత్తరం మొత్తం నాలుగు లైన్లు.

పెన్షను హైదరాబాదులో తీసుకోవాలంటే అక్కడ నివాసం ఉన్నట్టు కాగితం కావాలని మా ఆఫీసులో అడిగారు. నా పేరున ఇంటి పన్ను రసీదు నకలైతే చాలన్నారు. అక్టోబరు ఆఖరులోగా పంపాలి. ఇక్కడి ఇంటివాళ్ళు జనవరికి ఖాళీ చెయ్యమన్నారు. అదీ చెబుతున్నాను.

ఇంక వెతకకు. ఆఫీసుకి వెళ్ళు.

వేదవతి


అరుణోదయ కాలనీ
11 సెప్టెంబరు 1988

అక్కయ్యకు,

నేను కట్టలేదు. రెండేళ్ళూ కట్టలేదు. నీ మనియార్డరు డబ్బు కవర్లో అలాగే ఉంది, సంఘానికి కూడా ఇవ్వలేదు. అందరినీ కట్టొద్దని చెప్పి అక్కయ్యది మాత్రం కట్టడం ఎలా అనుకున్నాను. నీకు చెప్పి మానెయ్యాల్సింది. చెప్తే వద్దంటావని చెప్పలేదు. ఊళ్ళో ఎవడైనా ఈ పని చేసి ఉంటే నేను వాడి మీద రెండు పేజీలు రాసేవాణ్ణి.

నీ ఉత్తరం వచ్చాక ఆఫీసుకి వెళ్ళాను. మన వీధి బిల్ కలెక్టరు జనార్ధన్ అని, ఇక్కడి అల్మాస్‌గూడ మనిషే. కుర్చీ వెయ్యలేదు. నీ ఇంటి నంబరు 4-17 చెప్పి, దాని బాకీ కట్టడానికి వచ్చానన్నాను.

"4-17కు బాకీ లేదు సార్. రెండేండ్లు క్లియర్."

"ఎవరు కట్టారు?"

"ఓనరే గట్టింది. ఐలమ్మ."

రిజిస్టరు తిప్పి చూపించాడు. నీలం సిరా. ఇంటి నంబరు 4-17, యజమాని ఐలమ్మ, భర్త కీర్తిశేషులు మల్లయ్య. నీ పేరు ఎక్కడా లేదు.

"అది మా అక్కయ్య ఇల్లయ్యా," అన్నాను.

"నాకేమెరుక సార్? కొత్త రిజిస్టరు జేసేటప్పుడు సర్వేకొస్తిమి. ఇంట్ల ఎవరుంటే ఆళ్ళ పేరు రాస్తిమి. పన్ను ఎవరు గడితే ఆళ్ళ పేర్న రసీదు చింపుతిమి. గట్లనే జేస్తరు యాడనన్న. మీ అక్క పేరు మీరొచ్చి జెప్తిరా? మీరేమొ మైకు పట్టుకోని మమ్మల్ని దొంగలంటిరి."

మార్చడానికేం చెయ్యాలన్నాను. ఐలమ్మ వచ్చి, ఆ ఇల్లు తనది కాదని, పేరు మార్చడానికి తనకి అభ్యంతరం లేదని కాగితం మీద వేలిముద్ర వెయ్యాలట. వెయ్యనంటే? "అప్పుడు ఆమెదే సార్ రికార్డుల. మీ అగ్రిమెంటు తీస్కోని కోర్టుకు పోవాలె. పదేండ్లు పడ్తది," అన్నాడు. బెదిరించడం కాదు. వాన పడుతుందని చెప్పినట్టు చెప్పాడు.

ఇంటికొచ్చి నీ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆమె కుడితి కలుపుతోంది. దొంగని పట్టుకున్నవాడిలా వెళ్ళాను, అది దాచను.

"ఏంటి ఐలమ్మా ఇది? నీ పేరున ఎందుకు కట్టావు?"

"తల్పులు పీక్కపోతమన్నరు సారూ. పన్ను గట్టకుంటె తల్పులు పీకి బండిల ఏస్కపోతరంట. పెద్దమ్మ టేకు తల్పులాయె. పాలపైసలుండె, ఇచ్చిన."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు జెప్తె గట్టనిస్తవా?" అంది. కుడితి కలపడం ఆపలేదు.

చేతులు కడుక్కుని లోపలికెళ్ళి బియ్యం డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. రెండు రసీదులు. చదవమంది. చదివాను. ఆమె పేరు వచ్చినచోట మళ్ళీ చదవమంది.

"గిదొక్కటే సారూ నా పేరు రాసిన కాయితం. రేషను కార్డు మా కొడుకు దగ్గర ఉంటది."

తర్వాత మామూలుగా చెప్పింది, అడిగితే కూడా కాదు. "గీ జాగ మేం దున్నిందే. మా మామ కౌలుకు దున్నె, ముప్ఫై ఏండ్లు. గిక్కడ జొన్నేసెటోల్లం. నువ్వున్న కాడ బాయి ఉండె. పట్టాదారు పటేల్ అమ్ముకున్నడు, మాకెవ్వలు జెప్పలే. హద్దుబండలు పాతినంక ఎరుకైంది."

అక్కయ్యా, కౌలుదార్ల హక్కుల మీద నేను పదిహేనేళ్ళుగా రాస్తున్నాను. ఆ చట్టంలో సెక్షన్లు నిద్రలో కూడా చెప్పగలను. రెండు ప్లాట్లు కొన్నప్పుడు ఇది ఎవరు దున్నిన నేల అని ఒక్కరిని అడగలేదు. ఆమె ఆరేళ్ళుగా పాలు పోస్తోంది, ఒక్కసారి అడగలేదు.

కోపం తెచ్చుకుందామని చూశాను. ఎవరి మీదా రాలేదు. రసీదులు మడిచి ఆమెకే ఇచ్చి వచ్చాను. వేలిముద్ర అడగలేకపోయాను. అడగకపోతే నీకు ఇల్లు లేదు. అడిగితే, ఒకసారి చెప్పకుండా లాక్కున్నదాన్ని ఈసారి చెప్పి లాక్కుంటున్నాం.

ఎటు చెప్పినా నేను వాదించను. నువ్వే చెప్పు.

గంగాధరం


తణుకు
24 సెప్టెంబరు 1988

గంగాధరం,

నువ్వు కట్టలేదని నాకు పోయిన ఏడాది డిసెంబరు నుంచీ తెలుసు.

ఐలమ్మ ఆ జనార్ధన్ చేత నాకు కార్డు రాయించింది. "పెద్దమ్మా, సారు కట్టుతలేడు. ఈ యేడు నా పైసలతో కట్టిన. వచ్చే యేడు ఏం జేయమంటవు? గేదె ఈనింది, ఆడదూడ." అంతే ఉంది. నేను ఆమెకి మనియార్డరు పంపాను, వచ్చే ఏడాది కూడా నువ్వే కట్టమ్మా అని. నీకు చెప్పలేదు. నాగేశ్వరి పోయి ఏడాదైనా కాలేదు నువ్వు ఆ కరపత్రం మొదలుపెట్టినప్పుడు. నీకు పట్టుకోవడానికి అదొక్కటే ఉంది, అది కూడా లాగెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. పన్ను కట్టమని రాస్తూ, కట్టలేదని తెలిసి కూడా అడుగుతూ ఉండిపోయాను. ఎవరి పేరున కట్టారో అడగాలని నాకూ తోచలేదు. బళ్ళో హాజరుపట్టీ రాసేటప్పుడు పేరు రెండుసార్లు చూసే మనిషిని. కాబట్టి తప్పు నువ్వొక్కడివే మోయకు, నా వాటా నాకుంచు.

ఇక ఇంటి సంగతి. నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇది దాచి నేను మంచిదాన్ననిపించుకోను. ఆ ఇల్లు నాకు కావాలి. ఆ నేల ఐలమ్మ మామ దున్నాడని నాకు తెలియదు, తెలిసి ఉంటే కొనకపోదునా అంటే అదీ చెప్పలేను. అప్పుడు ఉన్న డబ్బుకి అక్కడే దొరికింది.

నేను అనుకున్నది రాస్తున్నాను. వెనక గది వేరే ఇల్లుగా రాయించవచ్చా, అడుగు. మా ఊళ్ళో వాటాలకి అలా ఇస్తారు, అదే నంబరు పక్కన అక్షరం వేసి. ముందు రెండు గదులూ నా పేరున, వెనక గదీ దాని ముందున్న గేదెల జాగా ఐలమ్మ పేరున. కాపలాకి ఇచ్చిన గది కాదు, ఆమె గది. దాని పన్ను ఆమే కట్టుకుంటుంది, దాని రసీదు ఆమె బియ్యం డబ్బాలో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ కౌలుకి ఒక గది న్యాయమా అని నువ్వు అడుగుతావు. కాదు. నా దగ్గర ఉన్నది మూడు గదులే.

ముందు ఆమెని అడుగు. ఒప్పుకోకపోతే నాకు రాయి, నేనొచ్చి మాట్లాడతాను. నువ్వు మాత్రం ఉపన్యాసం ఇవ్వకు.

వేదవతి


అరుణోదయ కాలనీ
16 అక్టోబరు 1988

అక్కయ్యకు,

నీ పేరున రసీదు దీనితో గుచ్చాను. ఇంటి నంబరు 4-17. పెన్షనుకి పంపించు.

ఐలమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను, నా మాట ఒక్కటీ కలపకుండా. లేచి గేదెకి గడ్డి వేసింది. తర్వాత, "గేదెల జాగ గూడ రాసిందా పెద్దమ్మ?" అంది. రాసిందన్నాను. "కొలిచి రాయమను. తర్వాత లొల్లి వద్దు," అంది. దారం పట్టుకుని ఇద్దరం కొలిచాం. దూడని కట్టే గుంజ దాకా తనదంది. నువ్వు గుంజ అని రాయలేదు, నేనే ఒప్పేసుకున్నాను. మూడడుగులు పోయాయి నీకు.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. జనార్ధన్ కాగితం రాశాడు. ఆమె బొటనవేలు సిరాలో అద్ది 4-17 మీద తన పేరు వదిలేసింది. ఒక్క క్షణం పట్టింది. అక్కడ నీ పేరు ఎక్కించి, ఆమె కట్టిన పన్నుకి నీ పేరున రసీదు చింపాడు. తర్వాత వెనక గదికి వేరే గడి తీసి 4-17/ఎ అని రాశాడు.

"ఏ అంటే ఏంది?" అందామె.

"ఏ అంటే నీదని."

"మల్ల అగ్గువ పన్నేనా?"

"ఒక్క గదే కద అవ్వా, అగ్గువనే. 4-17 కంటె తక్వ."

"అయితె దీపాల పన్ను తీసెయ్యి. దీపం లేదు మా గల్లీల."

జనార్ధన్ నవ్వాడు. తియ్యలేదు.

బయటికి వస్తుంటే ఆమె గోడ దగ్గర ఆగింది. అద్దాల బోర్డులో టైపు చేసిన కాగితం. పైన "మొండి బకాయిదారులు" అని ఉంది. ఆమెకి చదువు రాదు. వేలు మాత్రం సరిగ్గా మూడో పేరు మీద పెట్టింది.

"గిది నాగమ్మ పేరంట కద సారూ. జనార్ధన్ చదివిండు. పోయినోల్ల మీద బాకీ ఎందుకు పెట్టినవు?"

ఉంది. శ్రీమతి నాగేశ్వరి, 4-16, మొండి బకాయిదారు. సర్వేకొచ్చిన రోజు మా ఇంటికి తాళముంటే పాత పేరే దించుకున్నారట. ఆ ఆఫీసుకి నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. గుమాస్తాతో పోట్లాడాను, మెట్ల మీద కరపత్రాలు పంచాను. ఆ బోర్డు ఒక్కసారి చూడలేదు. పక్క ఇంట్లో కరివేపాకు రెబ్బ తెచ్చుకున్నా మర్నాడు బదులు ఇచ్చొచ్చే మనిషి. రెండేళ్ళ బాకీకి ఆమెని అక్కడ నిలబెట్టాను.

పన్ను కట్టకపోవడానికి కరపత్రంలో పదకొండు కారణాలు అచ్చేశాను. అన్నీ నిజమే, ఇప్పటికీ వాటి మీద నిలబడతాను. పన్నెండోది రాయలేదు. నీకే చెబుతున్నాను. కట్టడానికి వెళితే యజమాని ఎవరని అడుగుతారు. చనిపోయిందని చెబితే ఆమె పేరు మీద గీత కొట్టి పక్కన నా పేరు రాస్తారు. అది నా ఎదురుగా జరగాలి. అందుకని కట్టలేదు.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. 4-16 అన్నాను. జనార్ధన్ రిజిస్టరు తిప్పి, తలెత్తకుండా, "పేరు మార్చాల్నా సార్? సర్టిఫికెట్ తెచ్చిన్రా?" అన్నాడు. మరణ ధ్రువీకరణ పత్రం సంచిలోనే ఉంది. అర్జీతో పాటు ఏడాదిగా సంచిలోనే తిరుగుతోంది.

"ఉన్న పేరునే రాయి," అన్నాను.

ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి ఐలమ్మ మొహం చూశాడు. రాశాడు. "శ్రీమతి నాగేశ్వరి గారి నుండి ముట్టినది." చింపి ఇచ్చాడు. వచ్చే ఏడాదైనా ఆ గీత కొట్టించాలని నాకు తెలుసు. ఈ ఏడాదికి ఇలా ఉండనీ.

పక్క బల్ల దగ్గరికి వెళ్ళి మోరీ అర్జీ ఇచ్చాను. అదే అర్జీ, అంచులు నలిగిపోయింది. కింద సంతకం నాది. జత చేసిన రసీదు ఆమెది. మూడో పేరాలో, ఆ బోరింగు నీళ్ళు తాగి 4-16 నివాసి నాగేశ్వరి మరణించింది అని ఉంది. గుమాస్తా రసీదు చూశాడు, రెండూ కలిపి గుచ్చి 318 అని నంబరు వేశాడు. చదవలేదు. చదివి ఉంటే, చచ్చిపోయిన మనిషి పన్ను ఎలా కట్టిందని అడిగేవాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఇచ్చినదానికి తగినది వచ్చిందా లేదా అన్నదే నేను క్లాసులో చెప్పే పాఠం. రెండేళ్ళ పన్ను ఇచ్చాను. మోరీ రాలేదు, నల్లా రాలేదు, స్తంభం రాలేదు. ఒక నంబరు వచ్చింది. వారానికోసారి వెళ్ళి ఆ నంబరు చెప్పి అడుగుతాను. ఈసారి కుర్చీ వేశారు, నువ్వన్నట్టే. కూర్చోలేదు.

బోర్డు మీద మూడో పేరు నిన్న కొట్టేశారు. ఐలమ్మ వెళ్ళి చూసొచ్చింది.

నువ్వు వచ్చేది జనవరి మొదటివారమా? రైలు దిగి దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కకు, నేనే వస్తాను స్టేషనుకి. వచ్చాక దాహమేసినా బోరింగు కొట్టుకుని తాగకు. నీళ్ళు కాచి, చల్లార్చి, బిందెలో మూతపెట్టి ఉంచుతాను. ఇప్పుడు రోజూ కాస్తున్నాను.

గంగాధరం